హుక్కు విప్పే ముందు

చిరంజీవి సౌమ్యకు, మావయ్య ఆశీస్సులు.

స్పేస్‌వాక్ (అంతరిక్షంలో నౌక బయటికొచ్చి పనిచేయడం) శిక్షణకి నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంగా మొదలుపెట్టి, రెండో నిమిషానికే "తాడు తెగి పిల్ల ఎటో కొట్టుకుపోతే ఎలారా?" అంది. అక్కకి ఏదో సర్దిచెప్పాను. నీకు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నా. నేను పైకి వెళ్ళినవాణ్ణి కాను. అంతరిక్షంలో తేలినట్టు నీళ్ళలో తేలుతూ పని నేర్చుకునే శిక్షణ కొలనులో, సూటు వేసుకున్నవాళ్ళ పక్కన ఈదుతూ, వాళ్ళు హుక్కులు సరిగ్గా తగిలిస్తున్నారా లేదా చూడటమే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం. అందుకే ఈ ఉత్తరం నిండా హుక్కులే ఉంటాయి, ఓపిక పట్టు.

తాడు తెగుతుందని బెంగ వద్దు. అది నిన్ను అంతరిక్ష కేంద్రానికి (స్టేషన్‌కి) కట్టి ఉంచే, రీల్‌కి చుట్టిన ఉక్కు తీగ. నువ్వు వెళ్ళేకొద్దీ వదులుతుంది, వెనక్కి వస్తుంటే చుట్టుకుంటుంది. పెద్ద రీల్‌లో సుమారు 26 మీటర్లు ఉంటుంది. 1965లో సోవియట్ వ్యోమగామి లియొనోవ్ మొదటిసారి బయటికి వచ్చినప్పటి నుంచి అలా కొట్టుకుపోయి చనిపోయినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. పోయినవన్నీ సామాన్లే. 2008 నవంబర్‌లో వ్యోమగామి హైడె స్టెఫనిషిన్-పైపర్ పనిముట్ల బ్యాగులో గ్రీజు గన్ కారి అంతా జిడ్డయింది. ఆవిడ ఆ జిడ్డు తుడుచుకునే పనిలో ఉండగా బ్యాగు మెల్లగా చేయి దాటిపోయింది. 2023లో మరో ఇద్దరి దగ్గర్నుంచి ఇంకో బ్యాగు అలాగే పోయింది. వాళ్ళు అజాగ్రత్త మనుషులేం కాదు. చేతినిండా పని ఉన్నప్పుడు హుక్కు మీద ధ్యాస ఉండదు, అంతే. నీ నడుముకి ఉండేదీ హుక్కే కదా.

నన్నడిగితే అసలు ప్రమాదం కొలనులోనే మొదలవుతుంది. నీళ్ళలో పట్టు జారితే అరమీటరు జరిగి ఆగిపోతావు, నీళ్ళే ఆపేస్తాయి. దాంతో పట్టు జారినా ఏం కాదులే అని ఒంటికి అలవాటైపోతుంది. పైన ఆపేదేమీ లేదు. సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో జరిగావనుకో. పసిపిల్ల పాకినదానికన్నా నెమ్మది. అయినా పది సెకన్లకే మీటరు దూరం, ఇక చేయి చాచినా హ్యాండ్‌రైల్ అందదు. గంటకి 360 మీటర్లు.

ఒక కుర్రాడుండేవాడు, భలే చురుకు. అందరికంటే ముందే పని ముగించేవాడు. ఒకరోజు మూల తిరిగే చోట కుడి చేత్తో, దగ్గరి హ్యాండ్‌రైల్‌కి తగిలించుకునే చిన్న తాడు హుక్కు విప్పాడు. ఎడమ చేతిలో ఉన్న రెండో హుక్కు ఇంకా హ్యాండ్‌రైల్‌కి పడలేదు. రీల్‌కున్న పెద్ద తాడు అంతకుముందే విప్పి మార్చే పనిలో ఉన్నాడు. బహుశా రెండు సెకన్లు, మనిషి దేనికీ కట్టి లేడు. నీళ్ళు కాబట్టి అక్కడే ఉన్నాడు, తనకా సంగతి తెలియను కూడా తెలియలేదు. సాయంత్రం వీడియోలో చూపిస్తే ముఖం పాలిపోయింది. ఆ రోజు నుంచి అందరికంటే ఆలస్యంగా ముగించేవాడు. నేనైతే అతనితోనే పైకి వెళ్తాను.

కాబట్టి కొత్తది తగిలించాకే పాతది విప్పు. తగిలించి ఊరుకోకు. ఆ లావుపాటి గ్లవ్‌లలో వేళ్ళకి స్పర్శ సరిగ్గా తెలియదు, హుక్కు హ్యాండ్‌రైల్ మీద ఆనితే పడిపోయినట్టే అనిపిస్తుంది. కళ్ళతో చూడు, ఒకసారి లాగు. హుక్కు గేటు (నోరు) మూసుకుంది, లాక్ పడింది, రీల్ తిరుగుతోంది అని పైకి చెప్పు, నీ జోడీని కూడా చూడమను.

ఇంతా చేసి విడిపోతే సేఫర్ ఉంది, వీపు మీద ఉండే చిన్న జెట్ ప్యాక్. నైట్రోజన్ చిమ్మే 24 చిన్న గొట్టాలు. 1994లో మార్క్ లీ, కార్ల్ మీడ్ తాడు లేకుండా బయట ఎగిరి దాన్ని పరీక్షించారు. అప్పట్లో మనిషి విడిపోతే షటిల్ (వాళ్ళు వచ్చిన అంతరిక్ష నౌక) వెళ్ళి పట్టుకోగలిగేది. స్టేషన్‌కి అలా నీ వెనక రావడం కుదరదు, నువ్వే వెళ్ళాలి. ఉన్న గ్యాసంతా ఖర్చుపెట్టినా నీ వేగం సెకనుకి 3 మీటర్లే మారుతుంది. కంగారులో కంట్రోలర్ అటూ ఇటూ తిప్పావో, గ్యాస్ ఐపోతుంది. ముందు గిరగిరా తిరగడం ఆగనివ్వు, సేఫర్ దానంతటదే ఆపుతుంది. తర్వాత స్టేషన్ ఎక్కడుందో వెతుక్కో. ఆ తర్వాతే కదులు, అదీ వెంటనే, ఎందుకంటే దూరమయ్యేకొద్దీ లెక్క తిరగబడుతుంది. కక్ష్యలో స్టేషన్ వెళ్ళే దిశలోనే ముందుకి తోసుకున్నా, ఒక చుట్టు తిరిగేసరికి వెనకబడి ఉంటావు. (ఇది ఎవరికి చెప్పినా మొదటిసారి నమ్మరు. కాగితం మీద గీసి చూడు.)

సేఫర్ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. 2006 జులైలో వ్యోమగామి పియర్స్ సెల్లర్స్ వీపు మీద సేఫరే వదులైంది, జోడీగా ఉన్న మైక్ ఫోసమ్ దాన్ని తాళ్ళతో కట్టాల్సి వచ్చింది.

తాడు మరో రకంగా కూడా ఆదుకుంటుంది. 2013 జులై 16న స్పేస్‌వాక్‌లో వ్యోమగామి లూకా పర్మిటానో హెల్మెట్‌లోకి నీళ్ళొచ్చి కళ్ళు, ముక్కు కప్పేశాయి. పైగా చీకటి పడింది. దారి కనబడక, రీల్ తన నడుముని ఎటు లాగుతోందో గమనిస్తూ ఆ వైపుకే పాకి ఎయిర్‌లాక్ (స్టేషన్ లోపలికి వెళ్ళే గది) చేరాడు. కొలనులో ఖాళీ దొరికితే కళ్ళు మూసుకుని ఆ లాగుడు ఎలా ఉంటుందో తెలుసుకో. చాలా సన్నగా ఉంటుంది, మొదట్లో అసలు తెలియదు.

ఇంకోటి, గోళ్ళు బాగా పొట్టిగా కత్తిరించుకో. గ్లవ్‌లకి రాసుకుని గోళ్ళు ఊడిపోయినవాళ్ళున్నారు. ఇది మీ అమ్మకి చెప్పకు.

మీ మావయ్య