పోషకాహారానికి ఒకే మంత్రిత్వ శాఖ ఉంటే?

ప్రశ్న: మాది తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ మీదుగానే రోజూ ఆఫీసుకు వెళ్తాను. మా అపార్టుమెంటులో పనిచేసే అమ్మాయికి రెండేళ్ల పాప ఉంది. అంగన్‌వాడీ నుంచి బాలామృతం (పసిపిల్లలకిచ్చే పోషకాహార పొడి) వస్తుంది, రేషన్ బియ్యం వస్తాయి, ఆశా కార్యకర్త ఐరన్ సిరప్ ఇచ్చి వెళ్తుంది. అయినా పాప వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదట. ఇన్ని పథకాలనూ ఒకే మంత్రిత్వ శాఖ కిందికి తెస్తే బాగుపడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ కొత్త శాఖతో ఇది తీరుతుందని నేను అనుకోను. బాలామృతం మహిళా శిశు సంక్షేమ శాఖది, బియ్యం పౌర సరఫరాల శాఖవి, సిరప్ ఆరోగ్య శాఖది, ఆ ఇంటి కుళాయి నీళ్లు జలమండలివి. ఆసుపత్రులనూ, రేషన్ దుకాణాలనూ, నీటి గొట్టాలనూ ఒకే మంత్రి చేతిలో ఎలా పెడతాం? ఎవరి పని వాళ్లు చేస్తూనే, అందరూ ఒకే లెక్కకు జవాబు చెప్పాలి.

అలా జవాబు చెప్పిన సందర్భం మన దేశంలోనే ఉంది: అయోడిన్ ఉప్పు. అయోడిన్ లోపంతో గొంతు వాచే జబ్బు గాయిటర్. దాని నివారణ కార్యక్రమం 1962లో మొదలైనా చాలాకాలం నత్తనడకన సాగింది. 1980లలో తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలని నిర్ణయించాక పనులు పంచుకున్నారు. తయారీని ఉప్పు కమిషనర్ చూశారు, రవాణాలో రైల్వే ప్రాధాన్యం ఇచ్చింది, జబ్బు ఎంత తగ్గిందో ఆరోగ్య శాఖ చూసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 94 శాతం ఇళ్లలో అయోడిన్ ఉప్పే వాడుతున్నారు.

పిల్లల ఎదుగుదల ఉప్పంత సులువు కాదు. 2018 మార్చి 8న కేంద్రం పోషణ్ అభియాన్ అనే జాతీయ పోషకాహార కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గిడసబారిన (వయసుకు తగ్గ ఎత్తు ఎదగని) పిల్లల శాతాన్ని 38.4 నుంచి 2022కల్లా 25కు దించాలనుకున్నారు. నీతి ఆయోగ్ ఉపాధ్యక్షుడి అధ్యక్షతన అన్ని శాఖలతో ఒక జాతీయ మండలి కూడా ఏర్పాటైంది. పైన చెప్పిన సర్వేలో తేలింది 35.5 శాతం. మన తెలంగాణలో 33.1. ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత మన దగ్గర 70 శాతం! ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఢిల్లీలో అందరూ కలిసి కూర్చుంటున్నారు. బస్తీలో కూర్చోవడం లేదు. మీరు చెప్పిన అమ్మాయినే తీసుకోండి. గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం అంగన్‌వాడీలోనే అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015 నుంచి ఉంది. మంచి పథకం. కానీ నాలుగిళ్లలో పనిచేసే మనిషి ఆ వేళకు ఎవరింట్లోనో గిన్నెలు తోముతూ ఉంటుంది. ఆమెకు ప్రసూతి సెలవు లేదు, చంటిబిడ్డతో ఇంటిపట్టున ఉండే వీలు లేదు. పాప ముసలమ్మ దగ్గరో, ఏడేళ్ల అక్క దగ్గరో పెరుగుతుంది. నెలకు వచ్చే రెండున్నర కిలోల బాలామృతం ఇంట్లో పిల్లలందరూ పంచుకుంటారు; ఏ తల్లి మాత్రం ఒకరికి పెట్టి మరొకరిని చూస్తూ ఉండమంటుంది? కలుషితమైన నీళ్లతో మాటిమాటికీ విరేచనాలైతే తిన్నది కాస్తా ఒంటికి పట్టదు. పోషకాహారం గురించి మాట్లాడేటప్పుడు కార్మిక శాఖను ఎవరూ పిలవరు. నన్నడిగితే మొదటి కుర్చీ వాళ్లకే వేయాలి.

పెరూ దేశం ఈ చిక్కును చాలావరకు విప్పింది. అక్కడ గిడసబారిన పిల్లలు 2008లో సుమారు 28 శాతం, 2016 నాటికి 13 శాతం. వాళ్ల ఆర్థిక శాఖ నిధులను ఫలితాలతో ముడిపెట్టింది: పేద జిల్లాల్లో ఎందరు పసిపిల్లలకు టీకాలు పడ్డాయి, ఎందరికి ఎదుగుదల పరీక్షలు జరిగాయి అని చూసి డబ్బు విడుదల చేసింది. మనం మాత్రం ఎన్ని ప్యాకెట్లు పంచామో శాఖలవారీగా లెక్కపెడుతున్నాం. ఒక బిడ్డ పేరు రాసుకుని, గర్భంలో పడ్డ రోజు నుంచి రెండేళ్లు నిండేదాకా ఈ సేవలన్నీ ఆ ఒక్క బిడ్డకే అందాయా అని చూడాలి. ఆ వెయ్యి రోజులు దాటితే పోయిన ఎత్తును రాబట్టడం కష్టం.

ఇక ఆ పాప సంగతి. తల్లీబిడ్డల రక్షణ కార్డు అడిగి చూడండి. టీకాలూ, ఎదుగుదల గీతా రెండూ అందులోనే ఉంటాయి. నెలలవారీ బరువు గడులు ఖాళీగా ఉంటే, బరువు తూచే రోజున జీతం కోయకుండా ఆమెను పంపండి. పాపను బస్తీ దవాఖానాలో ఒకసారి చూపించమనండి. రోజూ గుడ్డు, పప్పన్నంలో చెంచా నూనె, పూటపూటకూ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినిపించడం. తిండి పెట్టేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవడం.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున అంగన్‌వాడీకి ప్రొటీన్ పొడి డబ్బాలు ఇవ్వాలనుకుంటున్నాం. ఏ రకం మంచిది?
– నాచారం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏ రకమూ వద్దండీ. ముందు అక్కడి తూకం యంత్రం, ఎత్తు కొలిచే బద్ద సరిగా పనిచేస్తున్నాయో లేదో టీచరును అడగండి, లేకపోతే ఆ డబ్బుతో కొనివ్వండి. తాగునీటి ఫిల్టరు, మరుగుదొడ్డికి తలుపు, వర్షంలో కారని పైకప్పు కూడా పోషకాహారం కిందికే వస్తాయి. ఆహారమే ఇస్తామంటే, ముందుగా సూపర్‌వైజరుతో మాట్లాడి, పల్లీలు, బెల్లం ఇవ్వండి.