చోళ్ల పట్టికపై హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. పీహెచ్‌డీలో భాగంగా మహేంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లలో పండే చోళ్ల (రాగుల) రకాల వివరాలు సేకరించి వ్యాసం ప్రచురించాను. మరొక పరిశోధకుడు నా అంకెలు, పట్టిక, రెండు పేరాలు నా పేరు చెప్పకుండా వాడుకున్నారు. అడిగితే సైన్సు విషయాలకు కాపీరైట్ ఉండదన్నారు. నిజమేనా?

జవాబు: ఆయన మాటలో సగమే నిజం. ఏ రకం ఎంత దిగుబడి ఇస్తుందో మీరే మొదట కనుగొన్నా, ఆ వాస్తవం మీ సొత్తు కాదు. ఆలోచనకు, చారిత్రక వాస్తవానికి కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే దీనికీ వర్తిస్తుంది. అయితే 1957 కాపీరైట్ చట్టం 13వ సెక్షన్ మౌలికమైన సాహిత్య రచనకు రక్షణ ఇస్తుంది. పట్టికలు, సంకలనాలు కూడా ఆ చట్టం దృష్టిలో సాహిత్య రచనలే.

మౌలికత అంటే కొత్త ఆవిష్కరణ కాదు, కొత్తదనం పేటెంటుకు కావలసిన లక్షణం. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో వచ్చిన తీర్పు ప్రకారం శ్రమ, ఖర్చు మాత్రమే చాలవు, రచనలో కర్త నైపుణ్యం, విచక్షణ, కొద్దిపాటి సృజన కనబడాలి. కొండలెక్కి మీరు పడ్డ కష్టం నాకు విలువైనదే, కానీ కోర్టు కొలిచేది దానిని కాదు. ఊళ్ల పేర్లు అక్షరక్రమంలో రాసి ఎదురుగా దిగుబడి వేసిన పట్టికైతే మీ వాదన బలహీనం. విత్తే వారం, నేల వాలు, సవర రైతులు రకాన్ని గుర్తుపట్టే కంకి ఆకారం వంటి అంశాలను మీరే ఎంచుకొని, వాటిని బట్టి రకాలను వర్గాలుగా కూర్చి ఉంటే, ఆ ఎంపికకూ కూర్పుకూ రక్షణ కోరవచ్చు. ఆ రెండు పేరాలు మీ సొంత విశ్లేషణైతే అవే మీకు అన్నిటికన్నా బలం. గింజలు ఎండబెట్టి తూచామన్న వాక్యం మాత్రం ఎవరు రాసినా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి దానిపై పట్టుబట్టకండి.

పత్రికతో చేసుకున్న ఒప్పందం ముందుగా చదవండి. కాపీరైట్ వారికి రాసిచ్చి ఉంటే దావా వేయవలసింది వారే, అయినా రచయితగా గుర్తింపు కోరే హక్కు 57వ సెక్షన్ కింద మీకే మిగులుతుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా నష్టం లేదు. హక్కు మీదగ్గరే ఉంటే, 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కోర్టులోనే దావా వేయవచ్చు. అంకెలను పేరు చెప్పకుండా వాడుకున్న విషయంలో మాత్రం, కోర్టుకన్నా రచనాచౌర్యాన్ని అరికట్టే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల కింద ఆయన విశ్వవిద్యాలయానికి, ఆ వ్యాసం వేసిన సంపాదకునికి, రెండు వ్యాసాల భాగాలను పక్కపక్కన చూపుతూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడమే సరైన దారి.