తుడిచి మళ్లీ రాసుకునే లెక్కలు

ప్రశ్న: సార్ నమస్తే. నర్సంపేట దగ్గర ఒక ఊర్లో సర్కారు బడిల ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు మ్యాథ్స్ చెప్తున్న. ప్రాక్టీసు కోసమని వారం వారం జిరాక్సులు తీపిస్తున్న, పిల్లలు ఒక్కసారి రాయంగనే అవి చెత్తబుట్టకే పోతున్నయి, ఖర్చు మొత్తం నా జేబుది. ఏడో తరగతిల 38 మంది ఉన్నరు. మైనస్ లెక్కలు, భిన్నాల కాడికి వచ్చేసరికి సగం మంది ఆగిపోతున్నరు. ఏడాదంతా మళ్లీ మళ్లీ వాడుకునే సామాను ఏమన్న ఉంటే చెప్తరా, ఎక్కువ ఖర్చు లేకుండ.

జవాబు: మేడం నమస్తే. ఇన్నేండ్ల నుంచి లెక్కలు చెప్తున్న కదా, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఏందంటే పలకే. కానీ ఏడో తరగతోళ్లకు పలక ఇస్తే మేం ఒకటో తరగతా సార్ అని మొఖం ముడుస్తరు, అందుకే ట్రాన్స్‌పరెంట్ ఫైల్ కవర్లు తీస్కోండి, లోపట ఒక తెల్ల అట్ట పెట్టండి, పైన వైట్‌బోర్డు మార్కర్‌తోని రాసుడు, పాత బనియన్ గుడ్డతోని తుడుసుడు, అంతే. అట్ట తీసి గ్రాఫ్ కాగితం పెడితే గ్రాఫ్ బోర్డు, సంఖ్యారేఖ గీసిన కాగితం పెడితే సంఖ్యారేఖ. మీరు వారం వారం 38 జిరాక్సులు తీపిచ్చే బదులు ఒక్కసారే ఒక సెట్టు తీపిచ్చి ఈ కవర్లలో పెట్టండి, ఏడాదంతా అవే నడుస్తయి.

పైసలు మిగులుడు ఒక్కటే కాదు మేడం. మా క్లాసుల ఒక పిలగాడు ఉండె, నోట్‌బుక్కుల పెన్ను పెట్టేటోడే కాదు, పక్కోడు రాసేదాక ఆగి చూసి రాసేటోడు. కవర్ చేతికిచ్చిన రోజు −7 − 2 అని బోర్డు మీద వేస్తే వాడు గబగబా −5 అని రాసిండు, ఒక్క నిమిషం దాన్నే చూసిండు, బొటనవేలుతోని తుడిచేసి −9 అని రాసిండు. నేను ఏం చెప్పలే. వేలు నల్లగైంది గానీ వాడంతట వాడే దిద్దుకున్నడు. పెన్నుతోని రాసి కొట్టేస్తే ఆ గీత అందరికీ కనపడతది కదా, పిల్లలకు అదే భయం. ఇంకోటి, "చూపించండి" అనంగనే 38 కవర్లు ఒక్కసారే పైకి లేస్తయి, ఎవరికి వచ్చింది ఎవరికి రాలే అని మీకు అక్కడ్నే తెలుస్తది, సాయంత్రం నోట్‌బుక్కులు ముందలేసుకొని కూసునే పని తప్పుతది.

మైనస్ లెక్కలకు మాత్రం కవర్లు చాలవు, చేతిలోకి గింజలు రావాలె. అష్టాచెమ్మాకు చింతగింజలు రెండుగ చీల్చి బండ మీద అరగదీస్తం కదా, ఒకదిక్కు తెలుపు ఒకదిక్కు నలుపు, గవే. తెలుపు +1, నలుపు −1. ఒక తెలుపు ఒక నలుపు పక్కపక్కన పెడితే సున్నా. ఇప్పుడు 3 − (−2) చేయమనండి. మూడు తెల్లయి పెట్టిండ్రు, రెండు నల్లయి తీయాలె, కానీ అక్కడ నల్లయి లేవు. మరెట్ల అని పిల్లలు అడుగుతరు, వెంటనే చెప్పకండి, కొంచెంసేపు కొట్లాడుకోనియ్యండి. సున్నాకు సమానమైన జతలు ఎన్ని పెట్టినా లెక్క మారదు కదా, ఎవరో ఒకరికి తడుతది, రెండు జతలు పెట్టి అందులకెళ్లి రెండు నల్లయి తీసేస్తరు, ఐదు తెల్లయి మిగుల్తయి. "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టిచ్చే కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఇద్దరికి కలిపి 20 గింజలు చాలు, అంటే మీ క్లాసుకు 380.

భిన్నాలకు పాత పెళ్లి కార్డులు. మన దిక్కు ఒక్క సీజన్ల ఇంటింటికి ఎన్ని కార్డులొస్తయో మీకు చెప్పాల్నా. 24 సెంటీమీటర్ల పట్టీలు కోయండి, చిన్న కార్డు అయితే రెండు కలిపి అంటుపెట్టండి. 24 ఎందుకంటే సగం 12, మూడో వంతు 8, పావు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, ఏదీ పాయింట్లల్ల రాదు. సగం ముక్క, మూడో వంతు ముక్క కలిపి పెట్టి దాని కింద ఆరో వంతు ముక్కలు పేర్సమనండి, సరిగ్గ ఐదు పడతయి. క.సా.గు (ఎల్‌సీఎం) ఎందుకు తీస్తున్నమో అక్కడ అర్థమైతది. ఒక్క జాగ్రత్త, ముక్కల మీద 1/2, 1/3 అని ముందు దిక్కు రాయకండి, రాస్తే పిల్లలు ఆ అంకెలు చూస్తరు గానీ పట్టీ పొడుగు చూడరు. వెనక రాయండి.

వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కకు వరుసకు ఆరు చొప్పున ఆరు వరుసల మేకులు కొట్టించి రబ్బరు బ్యాండ్లు ఇస్తే చుట్టుకొలత, వైశాల్యం ఒకటి కాదని తెలుస్తది. మేకుకు మేకుకు నడుమ ఎడం 1 అనుకొని, చుట్టుకొలత 12 ఉండాలె, ఎన్ని దీర్ఘచతురస్రాలు వస్తయి అని అడగండి: 5×1 వస్తది, 4×2 వస్తది, 3×3 కూడ వస్తది (చతురస్రం కూడ దీర్ఘచతురస్రమే అని చెప్పే మోక ఇదే), వైశాల్యాలు మాత్రం 5, 8, 9. క్లాసుకు రెండు మూడు చెక్కలుంటే మస్తు. సౌష్టవం (సిమెట్రీ) పాఠానికైతే ఏం కొనకండి, వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ (జంపఖానా) ఎవరింట్లనన్న ఉంటే ఒక పూట తెప్పించి పరవండి, పిల్లలు దాని మీద దారం పెట్టి సౌష్టవ రేఖలు వాళ్లే వెతుకుతరు.

మార్కర్ గీత నాలుగైదు రోజులు ఉంచితే ఎండుతది, తుడిస్తే పోదు, అప్పుడు దాని మీద మళ్లీ అదే మార్కర్‌తోని రాసి వెంటనే తుడవండి, రెండూ కలిసి పోతయి. సామాను వాపస్ ఇచ్చేటప్పుడు లెక్కపెట్టే బాధ్యత వారానికి ఒకరికి ఇవ్వండి. తుడిచేస్తే ఏం మిగలదు కదా, అందుకే పీరియడ్ చివర్ల రెండు లెక్కలు మాత్రం నోట్‌బుక్కుల రాపియ్యాలె, ఇది మర్చిపోవద్దు.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్న. మా బిడ్డ ఏడో తరగతి, లెక్కలు చేస్కుంట నెలకు రెండు నోట్‌బుక్కులు ఒడగొడుతుంది. ఇంట్ల పెద్ద వైట్‌బోర్డు కొనాల్నా?

జవాబు: అవసరం లేదన్నా. ఇల్లు కట్టేటోళ్ల దగ్గర మిగిలిన తెల్ల టైల్ ఒకటి, నున్నగ మెరిసేది, అడిగి తెచ్చుకోండి, దాని మీద వైట్‌బోర్డు మార్కర్ మంచిగ రాస్తది, తుడిస్తే పోతది. ఒడిల పెట్టుకొని కూడ చేస్కోవచ్చు. అంచులు చెయ్యి కోస్తయి, చుట్టూ టేపు వేసి ఇవ్వండి.