సుగంధ నూనెల పిచికారీ: మొదటి సాళ్లలో పురుగు చావలేదు, చివరి సాళ్లలో ఆకు మాడింది

ప్రశ్న: మిరపలో పేనుబంక, తామర పురుగులు కనిపించడంతో నిమ్మగడ్డి నూనెను లీటరు నీటికి 10 మి.లీ. చొప్పున నేరుగా కలిపి కొట్టాను. మొదటి సాళ్లలో పురుగు అలాగే ఉంది. చివరి సాళ్లలో ఆకులు మాడిపోయాయి. నూనె కల్తీదా? అసలు మోతాదు ఎంత? ఇదే నూనెను నిల్వ పెసలకు పట్టించవచ్చా?

జవాబు: కల్తీ అయితే అన్ని సాళ్లలోనూ ఒకేలా ఉండేది. మీ పొలంలో జరిగింది వేరు. నూనె నీళ్లలో కలవలేదు. నిమ్మగడ్డి నూనె నీటికంటే తేలిక కాబట్టి ట్యాంకులో పైకి తేలింది. పంపు అడుగు నుంచి లాగుతుంది కనుక మొదట దాదాపు ఉత్త నీళ్లే పడ్డాయి, ట్యాంకు ఖాళీ అయ్యేసరికి చిక్కటి నూనె పడింది. లవంగ నూనె వాడి ఉంటే ఇది తిరగబడేది. అది నీటికంటే బరువు, అడుగుకు చేరుతుంది, మొదటి సాళ్లే మాడేవి.

కాబట్టి ముందు నూనెలో మొక్కలకు హాని చేయని ద్రవ సబ్బు గానీ ఎమల్సిఫైయర్ (నూనెను నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) గానీ వేసి బాగా కలపండి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ గిలకొట్టండి. ద్రావణం పాలలా తెల్లగా మారాలి. గాజు గ్లాసులో కొంచెం తీసి పావుగంట కదపకుండా ఉంచితే, పైన గానీ అడుగున గానీ నూనె పొర కట్టకూడదు. కట్టిందంటే ఆ ద్రావణాన్ని పొలంలోకి తీసుకెళ్లొద్దు, సబ్బు కాస్త పెంచి మళ్లీ కలపండి. కొట్టేటప్పుడు కూడా ట్యాంకును మధ్యమధ్యలో కదుపుతూ ఉండాలి. బట్టల సబ్బు పొడి మాత్రం వాడకండి, దానివల్ల కూడా ఆకు మాడుతుంది.

10 మి.లీ. ఎక్కువ. విడి నూనె అయితే లీటరుకు 2-3 మి.లీ.తో మొదలుపెట్టండి, 5 మి.లీ. దాటొద్దు. ఈ నూనెలతో తయారుచేసి అమ్మే మందు కొంటే లేబుల్ మీద ఉన్న మోతాదే పాటించాలి. ఏదైనా ముందుగా ఓ పది మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడండి. మొక్కల నుంచి వచ్చిన నూనె మొక్కకు హాని చేయదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. లవంగ నూనెలోని యూజినాల్‌ను గాఢత పెంచి కలుపు మొక్కలను మాడ్చడానికే వాడుతున్నారు.

ఈ నూనెలు పురుగు ఒంటికి తగిలితేనే బాగా పనిచేస్తాయి. పురుగు నరాల్లో ఆక్టోపమైన్ అనే పదార్థం సంకేతాలు చేరవేస్తుంది. యూజినాల్ లాంటివి ఆ పనిని దెబ్బతీస్తాయి. పేనుబంక, తెల్లదోమ పిల్లపురుగులు, తామర పురుగులు, నల్లి మెత్తటి ఒళ్లు గలవి కాబట్టి ఫలితం కనిపిస్తుంది. కాయలోకి దూరిన పురుగుకు మందు తగలదు, దాని కోసం ఈ నూనెలు కొట్టి డబ్బు వృథా చేసుకోకండి. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అనుకోవచ్చు. రెండింటికీ ఆకు అడుగు భాగం, లేత చిగుర్లు, పూలు తడిసేలా కొట్టాలి.

సాయంత్రం పూట కొట్టండి. ఎండకు నూనె త్వరగా ఆవిరైపోతుంది, ఆకు మాడే ప్రమాదమూ ఎక్కువ. పైగా పగలు పూలపై తేనెటీగలు తిరుగుతుంటాయి. అక్షింతల పురుగుల్లాంటి మిత్ర పురుగులకు కూడా ఈ ద్రావణం తగిలితే హానే. నూనె ప్రభావం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. కాబట్టి ఉధృతి తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, వారానికోసారి చూసుకుంటూ అవసరమైతే మళ్లీ కొట్టాలి. పురుగు విపరీతంగా పెరిగాక దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే పంట చేజారుతుంది. తామర పురుగులకు నీలి, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు పెట్టి ఉధృతిని గమనించండి. గంధకం చల్లిన చేలో కనీసం రెండు వారాలు ఏ నూనే కొట్టొద్దు.

వేప నూనెను వీటితో కలిపి లెక్కేయకండి. అది ఆవిరయ్యే రకం కాదు. అందులోని అజాడిరక్టిన్ పురుగును తిననివ్వదు, ఎదగనివ్వదు, నిదానంగా పనిచేస్తుంది.

మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు. చిగురు బతికి ఉంటే కొత్త ఆకు వస్తుంది. అది వచ్చేదాకా ఆ సాళ్లలో ఏమీ కొట్టకుండా నీటి ఎద్దడి లేకుండా చూడండి.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఈ నూనెలు చర్మాన్నీ కళ్లనూ మండిస్తాయి. మిగిలిన నూనెను ముదురు రంగు గాజు సీసాలో, నిప్పుకు దూరంగా, పిల్లలకు అందకుండా దాచండి.

ఇక పెసలు. సుగంధ నూనెల ఆవిరికి పుచ్చు పురుగు చస్తుంది, నిజమే. కానీ వాసన గింజకు పట్టి తినేటప్పుడు తెలుస్తుంది. మోతాదు ఎక్కువైతే విత్తనం మొలక కూడా తగ్గుతుంది. తినడానికి దాచేవాటికి కిలోకు 5 మి.లీ. వంటనూనె సమంగా పట్టిస్తే చాలు, పురుగు గింజపై పెట్టిన గుడ్లు పగిలి పిల్లలు రావు. దానికి ముందు గింజలను బాగా ఎండబెట్టి, చల్లారాక పట్టించండి. ఇప్పటికే రంధ్రాలు పడ్డ గింజలుంటే ఏరి వేరుచేశాకే డబ్బాలో పోయండి.