పొద్దున్నే వేళ్లు ముడవలేకపోతున్నాను... కీళ్లవాతమేనా?

ప్రశ్న: నా వయసు 38. రెండు నెలలుగా పొద్దున లేస్తే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. జొన్నరొట్టె తట్టలేను, తడిబట్ట పిండలేను. తొమ్మిదింటికి కాస్త వదులవుతాయి. వేళ్ల మొదళ్లు ఉబ్బాయి. ఊళ్లో సూది వేయించుకుంటే పది రోజులు బాగుండి మళ్లీ మొదలవుతోంది. కీళ్లవాతానికి చేసే ఆర్.ఎ. ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్, ఎక్స్‌రే బాగుందన్నారు. అంటే కీళ్లవాతం లేనట్టేనా?
– ఓ పాఠకురాలు, ఆదోని

జవాబు: ఆ రెండు రిపోర్టులు చూసి లేదనుకోవద్దమ్మా. మీరు రాసినవి రుమటాయిడ్ కీళ్లవాతం తొలి లక్షణాల్లాగే ఉన్నాయి. ఆర్.ఎ. ఫ్యాక్టర్ మొదటి నెలల్లో చాలామందికి నెగెటివ్ వస్తుంది; జబ్బు ముదిరాక కూడా పదిమందిలో ఇద్దరు ముగ్గురికి అంతే. ఇక ఎక్స్‌రేలో తెలిసేది ఎముక దెబ్బతిన్నాకే. ఇప్పుడు వాచేది కీలు లోపలి పొర. ఆ వాపు నెలల తరబడి నిలిస్తే ఎముకను తినేస్తుంది, అలా పోయిన ఎముక తిరిగిరాదు.

పొద్దుటి పట్టు ఎంతసేపుంటోందో గడియారం చూసి వారం రోజులు రాసిపెట్టండి. వయసుతో వచ్చే అరుగుదలలో అది అరగంటలోపే వదులుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. కీళ్లవాతంలో గంట దాటినా వదలదు, కదిలిస్తేనే తేలికవుతుంది. ఏ కణుపు వాచిందో కూడా చూడాలి. కీళ్లవాతంలో వాచేవి వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు, పాదాల్లో వేళ్ల మొదళ్లు, అదీ ఎక్కువగా రెండు వైపులా. గోటి పక్క కణుపు జోలికి ఇది సాధారణంగా రాదు. అక్కడ గట్టి బుడిపెలుంటే అరుగుదలే. కీళ్లవాతం వాపు నొక్కితే మెత్తగా తగులుతుంది. రెండో చేత్తో నాలుగు వేళ్ల మొదళ్లనూ పక్కల నుంచి కలిపి మెల్లగా నొక్కండి. ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అనుమానం బలపడినట్టే. పాదాలకూ అలాగే చూడండి. అలసట, ఒళ్లు వెచ్చబడటం, ఆకలి తగ్గడం కూడా ఉంటే డాక్టరుకు చెప్పండి.

ముందు జ్వరం వచ్చి, ఒక్కసారిగా కీళ్లన్నీ పట్టేసి ఉంటే చికున్‌గున్యా కావచ్చు. అది చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఏదైనా సరే, వాపు ఆరు వారాలు దాటితే రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించాల్సిందే. మీకు ఇప్పటికే రెండు నెలలు. మందు మొదటి మూడు నెలల్లో మొదలైతేనే కీళ్లు బాగా దక్కుతాయి.

ఆ సూది స్టిరాయిడ్ అయివుండొచ్చు. పేరు రాయించుకోండి, ఇక వేయించుకోకండి. అది వాపును అణుస్తుంది, దాంతో డాక్టరు చూసే రోజుకు చెయ్యి మామూలుగా కనబడుతుంది. అందుకే వాపున్న పొద్దున ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. కర్నూలు సర్వజన వైద్యశాలలో జనరల్ మెడిసిన్ ఓపీ నుంచి మొదలుపెట్టొచ్చు. యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షల గురించి అడగండి.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రలు రాస్తే ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి. గుణం కనబడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు. గర్భం కోరుకుంటుంటే ముందే చెప్పాలి, ఆ మందు కడుపులో బిడ్డకు చేటు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మోకాళ్లు నొప్పని పరీక్ష చేయిస్తే ఆర్.ఎ. పాజిటివ్ వచ్చింది. వాపు లేదు. వంకాయ, పెరుగు మానేశాను. వాతం మందులు వాడాలా?
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కీళ్ల వాపు లేకుండా ఆ పాజిటివ్ ఒక్కదానికే మందులు అక్కర్లేదు. వయసు పైబడ్డవాళ్లలో, హెపటైటిస్ సి, క్షయ ఉన్నవాళ్లలో కూడా అది పాజిటివ్ రావొచ్చు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొస్తుంటే అరుగుదల అనుకోవచ్చు. వంకాయ, పెరుగు హాయిగా తినండి, వాటివల్ల ఈ జబ్బు రాదు. బీడీ కాలుస్తుంటే మాత్రం మానెయ్యండి. పొగ కీళ్లవాతాన్ని తెచ్చిపెడుతుంది, వచ్చినదాన్ని ముదరబెడుతుంది. చేతివేళ్ల మొదళ్లు వాచి తగ్గకపోతే అప్పుడు ఆలస్యం చేయకుండా చూపించుకోండి.