ఇఫ్, వెన్ ఉన్న ఇంగ్లీష్ వాక్యంలో విల్ ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది ఇది: క్యాన్, విల్, షుడ్, మస్ట్ లాంటి మోడల్ వెర్బ్స్‌ని చిన్న వాక్యాల్లో బాగానే వాడుతున్నారు. ఇఫ్, వెన్, దట్ వచ్చి వాక్యం రెండు ముక్కలయ్యేసరికి, ఏ ముక్కలో విల్ ఉంచాలో, ఏ ముక్కలో తీసేయాలో తేలడం లేదు. రూల్స్ చదివినా మాట్లాడేటప్పుడు గుర్తుకు రావట్లేదు.

నేను చాలాకాలంగా పెద్దవాళ్ళకు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి ఉద్యోగాల్లో చేరినవాళ్ళకు ఇంగ్లీష్ చెబుతున్నాను. ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. "ఇంగ్లీష్‌లోనే ఆలోచించండి" అని అందరూ సలహా ఇస్తారు కానీ, ఈ విషయంలో మాత్రం నేను దానికి ఒప్పుకోను. ముందు వాక్యాన్ని తెలుగులో అనుకోండి. ఇఫ్, వెన్ ఉండే ముక్కలో తెలుగు క్రియ ఎలా ముగిసిందో చూడండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఈ వాక్యాలు చూడండి. "ఇంటికి చేరాక ఫోన్ చేస్తాను." "వర్షం వస్తే మీటింగ్ రద్దు చేస్తాం." "ఆయన వచ్చేవరకు ఇక్కడే ఉంటాను." చేరాక, వస్తే, వచ్చేవరకు అన్నవి అసమాపక క్రియలు, అంటే వాక్యాన్ని ముగించని క్రియలు. వాటిలో కాలం లేదు. అసలు కాలమంతా చివరి క్రియలోనే ఉంది. "వస్తే" అన్న మాటకు భవిష్యత్తు రూపం వేరే చెప్పమంటే మనం చెప్పలేం. ఇంగ్లీష్‌లోనూ సరిగ్గా ఇంతే. "ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్." "ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ క్యాన్సిల్ ద మీటింగ్." "ఐ విల్ బి హియర్ అంటిల్ హి కమ్స్." ప్రధాన వాక్యంలో ఉన్న విల్ రెండు ముక్కలకూ సరిపోతుంది. బిఫోర్, ఆఫ్టర్, అన్‌లెస్, యాజ్ సూన్ యాజ్ దగ్గరా ఇదే పద్ధతి.

"వెన్ ఐ విల్ రీచ్ హోమ్" అనే వాడుక తెలుగు ప్రభావమని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. మన తెలుగులో ఆ చోట భవిష్యత్తు రూపమే లేనప్పుడు అది మన భాష నుంచి ఎలా వస్తుంది? రేపటి సంగతి అయితే విల్ పెట్టాలని చిన్నప్పుడు బట్టీ పట్టించిన రూల్ నుంచి వస్తుంది. నిజానికి ఇంగ్లీష్‌లో క్రియ తన రూపం మార్చుకునేది వర్తమానానికి, భూతకాలానికి మాత్రమే. విల్ అనేది ఒక మోడల్. జరుగుతుందని నమ్మకంగా చెప్పేటప్పుడో, చేస్తానని మాట ఇచ్చేటప్పుడో దాన్ని వాడతాం. "వర్షం వస్తే" అన్నప్పుడు వర్షం వస్తుందని మనం చెప్పడం లేదు, ఊరికే ఊహిస్తున్నాం. అందుకే అక్కడ విల్‌కు పని లేదు.

ఇప్పుడు రెండో రకం. "ఆయన ఎప్పుడు వస్తాడో తెలియదు." "వస్తాడో రాడో చెప్పలేను." "వస్తాడని అనుకుంటున్నాను." ఇక్కడ వస్తాడు అనే పూర్తి క్రియ ఉంది, దాని వెనక ఓ గానీ, అని గానీ చేరింది. కాలం చెక్కుచెదరలేదు. ఇంగ్లీష్‌లో కూడా విల్ ఉండిపోతుంది: "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్." "ఐ కాంట్ సే ఇఫ్ హి విల్ కమ్." "ఐ థింక్ దట్ హి విల్ కమ్." అదే వెన్, అదే ఇఫ్, కానీ చేసే పని వేరు. మొదటి రకంలో అవి ఒక సమయాన్నో షరతునో చెబుతున్నాయి. రెండో రకంలో తెలియని సంగతి ఏమిటో చెబుతున్నాయి. "ఇఫ్ తర్వాత విల్ రాదు" అని మాత్రమే నేర్చుకున్నవాళ్ళు ఈ రెండో రకం వాక్యాల్లో కూడా విల్ తీసేసి ఇబ్బంది పడుతుంటారు. నేను క్లాసులో ఇఫ్, వెన్ అన్న మాటలకు రూల్ చెప్పడం మానేసి, "తే ఉందా, ఓ ఉందా" అని అడగడం మొదలుపెట్టాక ఈ తడబాటు బాగా తగ్గింది. రెండో రకంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. అది ప్రశ్నలా వినిపించినా మాటల వరుస మామూలుగానే ఉండాలి. "డు యూ నో వేర్ ఐ క్యాన్ సిట్?" అనాలి, "వేర్ క్యాన్ ఐ సిట్" అని తిప్పకూడదు.

ఇఫ్ ముక్కలోకి మోడల్స్ అసలే రాకూడదని మాత్రం అనుకోకండి. రాగలిగితే అనడానికి "ఇఫ్ యూ క్యాన్ కమ్" అంటాం. వెళ్ళక తప్పదంటే "ఇఫ్ యూ మస్ట్ గో." ఉత్తరాల్లో రాసే "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ఇట్ టుడే" చక్కటి వాక్యం. కాస్త ఆగుతారా అని మర్యాదగా అడిగే "ఇఫ్ యూ విల్ వెయిట్ హియర్"లో విల్ ఉండటం కూడా తప్పు కాదు, ఎందుకంటే అక్కడ విల్ చెప్పేది రేపటి సంగతిని కాదు, ఎదుటివారి సమ్మతిని.

జరగని సంగతులకు వద్దాం. "నువ్వు చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి." తెలుగులో ఇది ఎంత తేలికగా వస్తుందో! "వచ్చేవాణ్ణి" అన్న ఒక్క మాటతో రాలేదన్న సంగతి కూడా తెలిసిపోయింది. ఇంగ్లీష్‌లో అది వుడ్ హావ్: "ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్." ఇక్కడ కూడా "ఉంటే" వైపు వుడ్ పెట్టకండి. "ఇఫ్ యూ వుడ్ హావ్ టోల్డ్ మి" అని కొందరు ఇంగ్లీష్ వాళ్ళు మాటల్లో అంటారు గానీ రాతలో దాన్ని ఒప్పుకోరు. హావ్ ఎందుకంటే, మోడల్ తర్వాత క్రియ మూలరూపమే రావాలి, అక్కడ భూతకాలం పెట్టే వీలు లేదు. హావ్ పెట్టి దాని తర్వాత మూడో రూపం వాడితే ఆ పని జరుగుతుంది. చేసి ఉండాల్సింది అంటే షుడ్ హావ్ డన్, వెళ్ళిపోయి ఉంటాడు అంటే మస్ట్ హావ్ లెఫ్ట్, వెళ్ళి ఉండొచ్చు అంటే మైట్ హావ్ లెఫ్ట్.

తెలుగు ఆనవాలు పనిచేయని చోటు ఒకటుంది. "అందరికీ వినిపించేలా మాట్లాడండి" అన్న వాక్యంలో "వినిపించేలా" అసమాపకమే. కానీ ఇంగ్లీష్‌లో సో దట్ తర్వాత సాధారణంగా మోడల్ కావాలి: "స్పీక్ అప్ సో దట్ ఎవ్రీవన్ క్యాన్ హియర్ యూ." ప్రధాన క్రియ భూతకాలంలో ఉంటే క్యాన్ కాస్తా కుడ్ అవుతుంది. దీన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. విశ్రాంతి తీసుకోమని సలహా ఇచ్చాడు అనేదీ ఇలాంటిదే. "హి సజెస్టెడ్ దట్ ఐ షుడ్ రెస్ట్" అనొచ్చు, షుడ్ తీసేసి "దట్ ఐ రెస్ట్" అనొచ్చు. "సజెస్టెడ్ మి టు రెస్ట్" మాత్రం కుదరదు.

తెలుగు నిజంగా దారి తప్పించేది, ఒకరి మాటను ఇంకొకరికి చెప్పేటప్పుడు. "మర్నాడు వస్తానని చెప్పాడు" అంటాం. ఆయన అన్న "వస్తాను" మన వాక్యంలో అలాగే ఉండిపోతుంది. మనిషీ మారడు, కాలమూ మారదు. ఇంగ్లీష్‌లో "హి సెడ్ దట్ ఐ విల్ కమ్" అంటే వచ్చేది ఆయన కాదు, నేను అని అర్థం! రెండూ మార్చాలి: "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే." విల్ వుడ్ అవుతుంది, క్యాన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది. ఆ రావడం ఇంకా జరగాల్సే ఉంటే విల్ అలాగే ఉంచినా తప్పు లేదు. వుడ్, కుడ్, షుడ్, మైట్ మారవు. మస్ట్‌కు వేరే భూతరూపం లేదు. అందుకే తప్పనిసరి అన్న అర్థంలో అయితే "హి సెడ్ హి హ్యాడ్ టు గో" అనొచ్చు, మస్ట్‌నే ఉంచి "హి సెడ్ హి మస్ట్ గో" అని కూడా అనొచ్చు. మాటల్లో మొదటిదే ఎక్కువగా వినిపిస్తుంది.