నీడ లేని మెలికల దారి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. వయసు ఇచ్చిన చనువుతో ఏకవచనంలోనే రాస్తున్నాను, మరోలా అనుకోవద్దు. నీ 'లోయ రహస్యం' రాతప్రతి అందింది. ముప్పై రెండు పేజీలూ ఒక్క బిగిన చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే ఇరవై తొమ్మిదో పేజీలోని ఒక వాక్యం రెండు రోజులుగా నన్ను నిలవనీయడం లేదు. "చివరికి అధికారులు వడదెబ్బ అని తేల్చి చేతులు దులుపుకున్నారు" అని రాశావు.

ఎవరు దులుపుకున్నారు నాయనా? 2021 ఆగస్టు 15, ఆదివారం ఉదయం కాలిఫోర్నియాలోని మారిపోసా కౌంటీలో, సియెర్రా నేషనల్ ఫారెస్టు కొండల మధ్య, భార్యాభర్తలు ఏడాది పాపను, కుక్కను వెంటబెట్టుకుని హైట్స్ కోవ్ కాలిబాటన దిగారు. 17న అందరూ విగతజీవులై కనిపించారు. ఒంటి మీద గాయాల జాడ లేకపోవడంతో, పాత బంగారు గనుల నుంచి విషవాయువు వెలువడిందేమోనని, నదిలోని విషపు నాచు కారణమేమోనని, పిడుగు పడిందేమోనని అధికారులు ఒక్కొక్కటే పరీక్షించారు. వడదెబ్బే కారణమని ప్రకటించింది అక్టోబరు 21న. రెండు నెలలకు పైగా సాగిన ఆ పనికి నువ్వు ఇచ్చింది ఒక్క వాక్యం. వాళ్ళు కాదని తేల్చి పక్కన పెట్టిన ఊహలకు మాత్రం ఇరవై పేజీలు.

గనుల వాయువుకు పదకొండు పేజీలు కేటాయించావు. గనుల నుంచి వచ్చిందన్న ఆ కార్బన్ మోనాక్సైడ్ గాలి కంటే రవ్వంత తేలిక. ఆరుబయట కొండవాలు మీద అది నలుగురు ప్రాణుల చుట్టూ మూగి కూర్చోదు, చెదిరిపోతుంది. నాచు సంగతి కొంత నయం, ఎందుకంటే ఆ నదీ జలాల్లో అనాటాక్సిన్ అనే విషం నిజంగానే బయటపడింది. అయితే ఆ నీరు వాళ్ళు తాగిన దాఖలా దొరకలేదు. ఈ రెండో వాక్యాన్ని నువ్వు చదివే ఉంటావు. చదివీ వదిలేశావన్నదే నా ఫిర్యాదు.

'తేలని మరణాల' మోజు ఇప్పుడు మన కథల పోటీల దాకా పాకింది. 1959లో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో చనిపోయిన తొమ్మిది మంది యాత్రికులను నువ్వు కూడా సాక్ష్యానికి పిలిచావు. అక్కడ మంచుపలక జారడం కారణమయ్యే వీలుందని 2021 జనవరిలోనే స్విట్జర్లాండ్ పరిశోధకులు లెక్కకట్టి చూపించారు. లెక్క తేలితే కథ పోతుందన్న బెంగ సంపాదకులది. అది నీకెందుకు అంటుకుంది?

నేను అడిగేది గంటల లెక్క. ఉదయం వాళ్ళు బయలుదేరినప్పుడు ఇరవై నాలుగు డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్న హాయైన వాతావరణం. అక్కడి నుంచి నది ఒడ్డుకు దాదాపు రెండు వేల అడుగుల దిగుడు. దిగేటప్పుడు ఎవరి కాళ్ళూ మొరాయించవు. తిరిగి పైకి రావలసిన సావేజ్ లండీ బాట నిటారు మెలికలు తిరుగుతుంది. 2018 నాటి ఫెర్గూసన్ కార్చిచ్చు అక్కడి చెట్లను కాల్చేయడంతో ఆ మెలికల్లో నీడ దాదాపు లేదు. మధ్యాహ్నానికి ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకు చేరింది. వాళ్ళ దగ్గర దొరికిన నీటి సంచిలో రెండున్నర లీటర్లు పడతాయి. అది ఖాళీగా ఉంది. శరీరంలోపలి వేడి నలభై డిగ్రీలు దాటితే ముందుగా తడబడేది బుద్ధి: వెనక్కి మళ్ళాలా, కూర్చోవాలా అన్న విచక్షణే చెదిరిపోతుంది. పసిబిడ్డ ఒళ్ళు బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళ కంటే చాలా త్వరగా కాగిపోతుంది. కుక్కకు నాలుక చాచి రొప్పడం తప్ప చెప్పుకోదగ్గ మరో దారి లేదు.

ఆ భర్త ఫోనులో ఒక సందేశం మిగిలి ఉందని 2022 ఫిబ్రవరిలో బయటపెట్టారు. మధ్యాహ్నం కావస్తుండగా రాసింది. సాయం చేయగలరా, నీళ్ళు లేవు, పాపతో ఉన్నాం, వేడికి తాళలేకపోతున్నాం అన్న సారం. అక్షరాలు కూడా తడబడ్డాయి. సిగ్నల్ లేక అది వెళ్ళలేదు. ఆ తర్వాత చేసిన అయిదు ఫోన్ ప్రయత్నాలూ కలవలేదు. దీన్ని నువ్వు అధోసూచికలో వేశావు.

తల్లి దేహం మిగతా ముగ్గురికి కాస్త పైన, బాట మీద కనిపించిన వైనం దగ్గర నువ్వు 'గమనార్హం' అన్నావు. ఆ మాటతో నాకు పాత బాకీ ఉంది. నా ఇరవై ఆరో ఏట ఒక వారపత్రికకు రాసేవాణ్ణి. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగిన అన్న పలకకపోతే తమ్ముడూ దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు. అడుగున చెడుగాలి నిలిచిందని డాక్టరు ఆ రోజే చెప్పాడు. బావికి గోడలున్నాయి, గాలి నిలుస్తుంది. నీ కొండవాలుకు లేవు. అలాగే రాసి ఇస్తే సంపాదకుడు కాగితాలు వెనక్కి నెట్టి, "ఉత్కంఠ ఏదయ్యా? ఆస్తి తగాదాలేమీ లేవా?" అన్నాడు. ఆ నెల ఇంటి అద్దె బాకీ పడి ఉన్నాను. "చిన్న కోడలు ఆ రోజు పుట్టింట్లో ఉండడం గమనార్హం" అని చివర ఒక్క వాక్యం చేర్చాను. పది రోజులకు ఆమె కార్యాలయానికి వచ్చింది. కొంగున ముడివేసి తెచ్చిన పత్రిక ముక్కను బల్ల మీద పరిచి, ఆ మాట మీద వేలు పెట్టి, "బాబూ, దీనికి అర్థమేమిటి?" అని అడిగింది. సంపాదకుడు లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయాను.

ఆ తల్లి సాయం కోసం పైకి నడిచి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అదీ ఊహే. నా ఊహ తప్పయినా ఎవరి పరువూ పోదు. నువ్వు సూచించిన దంపతుల కలహం తప్పయితే, దాన్ని కాదనడానికి వాళ్ళిద్దరూ లేరు.

ఏ పత్రికకు పంపాలో, కలం పేరు పెట్టుకోవాలో వద్దో అడిగావు. ముందు నాలుగో పేజీ నుంచి ఇరవై మూడో పేజీ వరకు కొట్టెయ్. అధోసూచికలోని ఆ సందేశాన్ని పైకి తెచ్చి, నది ఒడ్డు నుంచి మొదటి మెలిక దాకా మళ్ళీ రాయి. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి పంపు. వెనక పేజీ సిరా ముందుకు దిగి, నా కళ్ళకు అక్షరాలు కలిసిపోతున్నాయి.